నుదుట బొట్టు గల చేప

గ్రామ పంచాయతీ సభ్యులకు చేపల చెరువు క్రొత్త విషయము కాదు. పంచాయతీ అధీనములోని చెరువులో చేపల హక్కును పాటకు పెట్టుట, పాట సొమ్మును జమకట్టుట, ఎండలకు నీరు తగ్గినప్పుడు పాటదారునకును ఆయకట్టు రైతులకును వచ్చు తగవును తీర్చుట ఏటేట జరుగునవే. ఆ చెరువులలో బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసులతో పాటు బంగారు తీగ అను చేపను కూడ చాలచోట్ల విడుచుచున్నారు. పట్టణములలో హోటళ్ల ముంగిట, ఉద్యానముల కొలనులలో, తెల్లని ఒంటిపై ఎఱుపు నలుపు మచ్చలతో మందగతిని తిరుగు పెద్ద చేపలను కూడ సభ్యులలో పలువురు చూచియుందురు. వానిని కోయి చేపలందురు. ఆ కోయియు మన బంగారు తీగయు దగ్గరి చుట్టములు మాత్రమే కావు. చాలకాలముగా శాస్త్రజ్ఞులు రెంటిని ఒకే జాతిగా ఎంచుచు వచ్చిరి. తూర్పు ఆసియా తీగను వేఱు జాతిగా లెక్కించువారును కొందఱు కలరు గాని, రెండును కలిసినచో గ్రుడ్లు ఫలించును, రెంటికిని రోగములు ఒకటే. ఒకటి కూరకు పెరిగినది, రెండవది కంటికి పెరిగినది.

ఈ చేపను గూర్చి వ్రాయుటకు కారణము కలదు. రంగు చేపలను పెంచి పట్టణములకు అమ్ముకొందుము, అందుకై ఊరి వెలుపలి కుంటను కౌలుకిమ్మని పంచాయతీని అడుగు యువకులు ఈ దినములలో కలరు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల పెంపకమునకును చోటు కల్పించిరి గనుక ఈ ఆలోచన మరికొందఱకు కలుగుట సహజము. అది మంచి వృత్తియే. ఐతే ఒక పట్టణమున రంగు చేపలమ్ము దుకాణములో మేము విన్న మాట యొకటి మాకు నచ్చలేదు. తలపై గుండ్రని ఎఱ్ఱమచ్చ గల చేపలను రెంటిని చూపి, “ఈ జోడును తీసికొనిపోయి పెంచినచో పిల్లలన్నియు ఇట్లే పుట్టును, పెట్టిన సొమ్ము ఒక్క ఈతలోనే తిరిగివచ్చును” అని అమ్మువాడు ఒక పల్లెటూరి కుఱ్ఱవానికి నచ్చజెప్పుచుండెను. ఆ కుఱ్ఱవాడు జోడును కొనెనో లేదో మాకు తెలియదు. అమ్మువాడు చెప్పినది మాత్రము నిజము కాదు. ఎందుచేత కాదో తెలిసిన సభ్యుడు తన ఊరి కుఱ్ఱవాని అప్పును కొంతవఱకైనను ఆపగలడు.

మంచు పల్లెలలో పుట్టిన రంగులు

జపానులో ఈ చేపకు నిషికిగోయి అని పూర్తి పేరు. నిషికి అనగా పలురంగుల జరీ వస్త్రము. కోయి అనగా తీగచేప. జపాను దేశపు పెద్ద దీవియగు హోన్షూకు పడమటి తీరమున నీగత అను మండలము కలదు. అందు యమకోషి, ఒజియ అను ప్రాంతముల కొండపల్లెలే ఈ చేపకు పుట్టినిండ్లు. అక్కడ చలికాలమున ఇద్దఱు మనుష్యుల ఎత్తున మంచు పేరుకొనును. కొండవాలున మెట్లు మెట్లుగా వరి మళ్లు చెక్కుకొని, పై మెట్టున కుంటలు త్రవ్వి, కరగిన మంచునీటిని, వాననీటిని అందు నిలుపుకొని, వేసవిలో క్రింది మళ్లకు వదలుదురు. మన కొండవాలు చెరువుల పద్ధతికి ఇది చాల దగ్గరగా నున్నది. ఆ కుంటలలో నల్లని తీగచేపను పెంచుకొనెడివారు. దారులు మూసికొనిపోవు మంచు నెలలలో ఇంటిల్లిపాదికి మాంసాహారము అదియే.

సుమారు 200 సంవత్సరముల క్రిందట, 1804 మొదలు 1830 వఱకు గల కాలమున, ఆ నల్ల చేపల నడుమ కొన్ని ఎఱ్ఱనివి, కొన్ని తెల్లనివి కనబడెను. ఇట్టి వింత పిల్ల ఏ దేశములోనైన అప్పుడప్పుడు పుట్టునదే. కూరలో పడిపోవుటయు వాడుకయే. అక్కడి రైతులు వానిని కూరలో వేయక వేఱు కుంటలో దాచిరి. ఎఱ్ఱదానిని తెల్లదానితో జతపఱచి చూచిరి. చదువు, శాస్త్రము అందుబాటులో లేని పల్లెలలో, తాత వదలిన చేపను తండ్రి, తండ్రి వదలినదానిని కొడుకు పెంచుచు ఒక శతాబ్దము గడపిరి. 1914లో టోక్యో నగరమున జరిగిన తైషో ప్రదర్శనమునకు ఈ చేపలను కొనిపోయిన పిదపనే దేశములోని తక్కిన ప్రజలకు వీని సంగతి తెలిసెను.

నేడు వీనిలో పేరు గల రకములు అనేకము. తెలుపుపై ఎఱుపు గలది కొహాకు. దానికి తోడు చిన్న నల్ల మచ్చలు గలది తైషో సన్షొకు. నలుపే ప్రధానముగా, ఎఱుపు తెలుపులు దానిని చీల్చుకొని వచ్చినట్లుండునది షోవా సన్షొకు. దీనిని 1927లో సాధించిరి. బంగారు పూతవలె ఒంటినిండ ఒకే తళుకుగల రకము రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట వచ్చినది. మిగిలిన పేర్ల జాబితాతో పాఠకులను విసిగించము.

బొట్టు, జింకపిల్ల, ద్రాక్షగుత్తి

అన్నిటిలోను జనులు మెచ్చు మచ్చ తన్చో. జపాను ఉత్తర దీవిలో తలపై ఎఱ్ఱని టోపీ వంటి మచ్చ గల తెల్లని పెద్దకొంగ కలదు; దాని పేరే ఈ చేపకు పెట్టిరి. ఒళ్లంతయు తెలుపు, నెత్తిన మాత్రము ఒక్క ఎఱ్ఱని బొట్టు. నియమము చాల గట్టిది. బొట్టు తలపై తప్ప శరీరమున మఱెక్కడను ఎఱుపు చుక్కయైన ఉండరాదు. బొట్టు గుండ్రముగా, రెండు కన్నుల నడుమ సరిగా కుదిరి, కంటిని తాకక, ముక్కు వైపునకు జారక, భుజము మీదికి ప్రాకక ఉండవలెను. అంచు కత్తితో కోసినట్లుండవలెను. తలపై పొలుసులు లేవు గనుక అంచు ఏమాత్రము చెదరినను కంటికి వెంటనే కనబడును. నల్ల మచ్చలు గల రకములలోను తన్చో పుట్టును. అందు నలుపు ఎక్కడ ఉన్నను ఉండవచ్చును గాని ఎఱుపు నెత్తినే ఉండవలెను. మన ఇండ్లలో కుంకుమబొట్టు పెట్టుకొను ఆడువారికి ఈ చేప అందము వేఱుగా వివరింపనక్కఱలేదు.

రెండవది కనోకో. ఈ మాటకు జింకపిల్ల అని అర్థము. సాధారణమైన కొహాకులో ఎఱుపు పలకలు పలకలుగా ఉండును. ఒక పలకలో పదుల పొలుసులు కలిసి ఒకే రంగు ముద్దగా కనబడును. కనోకోలో అట్లు కాదు. ఒక్కొక్క పొలుసు నడుమ ఎఱుపు, దాని చుట్టు తెల్లని అంచు. చేప నీటిలో తిరిగినప్పుడు పొడలు పొడలుగా, దుప్పిపిల్ల వీపువలె కనబడును. జపానులో చుక్కలు చుక్కలుగా ముడివేసి అద్దిన బట్టకును ఇదే పేరు. గుజరాతు బాంధనీ చీరను చూచినవారికి పోలిక తోచును. ఈ మచ్చ అరుదుగా కనబడును, దానిని నమ్ముటయు కష్టము. మొదటి ఏట చుక్కలుగా నున్నది మూడవ ఏటికి కలిసిపోయి పలకయగుటయు, చుక్కలు పాలిపోయి మాయమగుటయు కలదు. ఎదిగిన చేపపై నిలిచిన కనోకోకు అందువలననే గౌరవము. ప్రదర్శనలలో దీనిని వింతరకముల తెగలో చేర్చుట వాడుక.

మూడవదియగు బుదో గొరొమోను గూర్చి ఒక్క మాట చాలును. బుదో అనగా ద్రాక్ష. ఎఱుపుపై నీలినలుపు ముసుగువలె కప్పుటచేత పొలుసులు నేరేడు రంగు దాల్చి, తెల్లని వీపుపై ద్రాక్షగుత్తులు పఱచినట్లుండును.

వెలల మాటకు వచ్చినచో, 2018లో హిరోషిమాకు చెందిన ఒక పెంపకశాలలోని కొహాకు ఆడచేప వేలములో 20 కోట్ల 30 లక్షల యెన్ పలికెను. ఇట్టి వార్తను పత్రికలో చదివి కుంట త్రవ్వుటకు సిద్ధపడువారు కొందఱు కలరు. లాటరీలో మొదటి బహుమతి వచ్చినవాని పేరు అచ్చగును. చీట్లు కొని పోగొట్టుకొన్నవారి పేర్లు అచ్చుకావు.

మచ్చ ఏల పుణికిపుచ్చుకొనదు?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. బొట్టు గల తల్లికి, బొట్టు గల తండ్రికి పుట్టిన పిల్లలకు బొట్టు ఏల రాదు?

రైతు ఎఱిగిన ఉదాహరణముతో మొదలు పెట్టుదుము. మచ్చల ఆవును మచ్చల ఆబోతునకు కట్టించినచో దూడకు మచ్చలు వచ్చునని చెప్పవచ్చును. ఆ మచ్చ తల్లికి ఉన్నట్లే ఎడమ డొక్కపై అరచేయంత ఉండునని ఎవ్వరును చెప్పలేరు. అదే ఆవు అదే ఆబోతువలన ఐదు ఈతలు ఈనినను ఐదు దూడలకు ఐదు తీరుల మచ్చలు. అంతయేల, ఒకే ఆవు కణములనుండి శాస్త్రజ్ఞులు పుట్టించిన నకలు దూడలలో సైతము మచ్చల అంచులు ఒకదానికొకటి సరిపోలేదు. రక్తమున వచ్చునది మచ్చపడు స్వభావము. మచ్చ చోటు రాదు.

చేపలోను ఇంతే. చర్మమునందు రంగునిచ్చు కణములు ముఖ్యముగా మూడు తెగలు: నలుపు దాల్చునవి, పసుపు ఎఱుపులు దాల్చునవి, వెలుగును తిప్పికొట్టి తళుకునిచ్చునవి. మొదటి రెండును లేనిచోట తెలుపు కనబడును. పిండదశలో వెన్ను వెంబడి పుట్టు మూలకణముల సంతతి ప్రక్కలకు ప్రాకుచు పోయి చర్మమున కుదురుకొనును. ఎక్కడెక్కడ కుదురును, ఎంత మేర వ్యాపించును, ఎక్కడ నశించును అనునవి కొంత జన్యువులను బట్టియు, కొంత ఇరుగుపొరుగు కణములను బట్టియు, కొంత యాదృచ్ఛికముగను జరుగును. విత్తనములు ఒకే సంచిలోనివైనను వెదజల్లినప్పుడు ఏ గింజ ఏ చాలులో పడునో చెప్పలేనట్లు. పైగా తీగచేప కణములో క్రోమోసోములు 100. చాల చేపలకు ఇందులో సగమే ఉండును. పూర్వము రెండు జాతుల కలయికవలన దీని సంపుటి రెట్టింపైనదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఒక పనికి రెండేసి జన్యువులు ఉండుటచేత రంగుల లెక్క ఇంకను చిక్కుపడినది.

అన్ని లక్షణములును ఇట్లే లొంగవని తలపరాదు. పొలుసుల తీరు చక్కగా లెక్కకు లొంగును. తీగచేపలో ఒళ్లంతయు పొలుసులున్నది ఒకటి, అద్దములవలె కొన్ని పెద్ద పొలుసులే గలది ఒకటి, ప్రక్కవాటున ఒకే వరుస గలది ఒకటి, దాదాపు నున్నగా నుండునది ఒకటి అని నాలుగు తీరులు కలవు. రెండు జతల జన్యువులు దీనిని నడపునని రష్యా శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే కనుగొనిరి. అద్దపు పొలుసునకు కారణమైన జన్యువు ఏదో 2009లో తేలినది. అద్దపు చేపలను రెంటిని జతపఱచినచో పిల్లలన్నియు అద్దపువే. వరుస పొలుసుల చేపలను రెంటిని జతపఱచినచో పిల్లలలో నాలుగవ వంతు బ్రతుకవు. ఇది ప్రతిసారి సరిపోవు లెక్క. 1904లో జర్మనీ దేశపు అద్దపు తీగలను జపానునకు తెచ్చినప్పుడు అక్కడి రైతులు వానిని రంగు చేపలతో కలిపి, పొలుసులు లేని కోయిలను కొలదికాలములోనే సాధింపగలిగిరి. తన్చో బొట్టును మాత్రము ఇంతకాలమైనను స్థిరపఱచలేకపోయిరి.

కావున దుకాణములో విన్న మాటలో ఎక్కడ తప్పున్నదో స్పష్టమగును. పొలుసుల తీరును గూర్చి అమ్మువాడు ఆ మాట చెప్పియుండినచో నిజమై యుండెడిది. బొట్టును గూర్చి చెప్పెను. తన్చో జోడు పిల్లలలో అధికము సాధారణమైన కొహాకులు, ఉత్త తెల్లనివి, ఉత్త ఎఱ్ఱనివి అగును. బొట్టు పిల్లలు పుట్టుట పుట్టును. అవి ఏ మంచి కొహాకు జోడుకైనను పుట్టును. జపాను రైతులు పలువురు బొట్టును చూచి తల్లిదండ్రులను ఎంచరు. ఒంటి కట్టు, తెలుపులోని శుభ్రత, ఎఱుపులోని లోతు చూచి ఎంతురు. అవి పిల్లలకు దిగును. బొట్టును ప్రకృతికి విడిచిపెట్టుదురు.

ఏఱివేత

అట్లైనచో అరుదైన మచ్చ చేపలు ఎట్లు దొరకుచున్నవి? సంఖ్యవలనను, ఏఱివేతవలనను.

మే, జూను నెలలలో నీరు వెచ్చబడిన పిమ్మట ఒక ఆడచేపను రెండు మూడు మగచేపలతో తొట్టిలో విడుతురు. గ్రుడ్లు జిగురుగా ఉండి దొరికినదానికి అంటుకొనును గనుక కుంచెలవంటి పీచుకట్టలను నీటిలో వ్రేలాడదీయుదురు. తెల్లవారుజామున మగవి తరుమగా ఆడది గ్రుడ్లు చల్లును. తల్లి బరువులో కిలోకు సుమారు లక్ష గ్రుడ్లు. పని కాగానే పెద్దచేపలను తీసివేయుదురు. లేనిచో తమ గ్రుడ్లను తామే తినును. నాలుగైదు దినములకు పిల్లలు వెలువడును. అంతకు ముందే కొండపై కుంటలను ఎండగట్టి, దున్ని, కోళ్లపెంట వంటి ఎరువు వేసి నీరు పెట్టి, కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు పుట్టునట్లు చేసి యుంతురు. వరి నారుమడికి మనము ఎరువు వేయునది నారు కొఱకు. అక్కడ పురుగు కొఱకు, ఆ పురుగు పిల్ల కొఱకు.

తరువాత మొదలగునది ఏఱివేత. షోవా రకములో పిల్లలు వెలువడిన కొలది దినములకే నల్లవానిని ఉంచి పాలిపోయినవానిని తీసివేయుదురు. కొహాకులో రెండు నెలలకు దగ్గరగా మొదటి ఏఱివేత. సన్నని వలతో కుంటనంతయు చుట్టి, తెల్లని గిన్నెలలో పిల్లలను పోసికొని, మనిషి కూర్చుండి ఒక్కొక్కదానిని చూచును. వంకర వెన్ను, వంకర నోరు, లోపించిన రెక్క గలవి మొదట పోవును. ఉత్త ఎఱ్ఱనివి, ఉత్త తెల్లనివి పోవును. ఆ తెల్లవానిలో నెత్తిన ఎఱుపు మెఱసినది కనబడినచో చేయి ఆగును. ఉత్త తెలుపని పాఱవేయవలసిన చేపకును, తన్చోకును గల భేదము ఒక కందిగింజంత ఎఱుపే. అలవాటు లేని కన్ను దినమున వేల పిల్లలను చూచునప్పుడు ఆ గింజను దాటిపోవును. ఈ పని ఎవరును పుస్తకము చూచి నేర్చుకొనలేరు. బియ్యము ఏఱు ఇల్లాలి చేతికి ఱాయి తగిలినట్లు ఆ కంటికి బొట్టు తగులవలెను.

మూడు నాలుగు ఏఱివేతలు గడచి అక్టోబరులో కుంటలు దింపునాటికి, లక్షలలో మొదలైన సంతతిలో మిగులునవి వందలు, మహాయైన కొద్ది వేలు. అందును బొట్టు పిల్లలు వ్రేళ్లపై లెక్కింపదగినవి. వానిలోను కొన్నిటికి బొట్టు పలుచనగును, కొన్నిటికి పగులును, కొన్నిటికి తల తెలుపు పసుపుబాఱును. మంచు కురియు నెలలలో గాజు లేక ప్లాస్టిక్ కప్పు గల ఇండ్లలోని తొట్లకు చేపలను మార్చి, వసంతమున తిరిగి బురద కుంటలకు కొనిపోదురు. పైకి వచ్చునని నమ్మకము గల పిల్లను అమ్మక నాలుగైదేండ్లు పెంచుదురు. అమ్మిన మరునాడు దాని మచ్చ కుదిరినచో పెంచినవాని దుఃఖమునకు మేర లేదట.

ఎఱుపునకు కావలసిన సరకును చేప తన శరీరమున తయారుచేసికొనలేదు, ఆహారమునుండియే గ్రహింపవలెను. నీటి పాచి, రొయ్యపొట్టు, స్పైరులినా అను నీటిమొక్క పొడి అందుకు పనికివచ్చును. మేతలో రంగుపాలు హద్దుమీఱినచో తెలుపు కూడ గులాబిబాఱి చేప చెడును. చల్లని నీరు రంగును గట్టిపఱచునని అక్కడివారి అనుభవము. ఈ మాటను మనవారు జ్ఞాపకముంచుకొనవలెను.

ఊరు కదలిన దినము

ఇక్కడ చేపల మాటను కొంచెము ప్రక్కకు పెట్టి ఆ ఊరి మాట చెప్పవలసియున్నది. పంచాయతీ సభ్యులకు ఇది చేపలకన్న దగ్గరి విషయము. 2004 అక్టోబరు 23వ తేదీ సాయంకాలము నీగత మండలమున పెద్ద భూకంపము వచ్చెను. 68 మంది మరణించిరి. యమకోషి గ్రామములోని 14 వాడలకు పోవు దారులన్నియు కొండచఱియలు విఱిగిపడి మూసికొనిపోయెను. ఊరి నడుమ పాఱు ఏటికి చఱియలు అడ్డుపడి నీరు ఎగదన్నగా ఒక వాడలోని ఇండ్లు నీట మునిగెను. గ్రామాధ్యక్షుడగు తదయోషి నగషిమ రెండవనాడే నిర్ణయము చేసెను: ఊరిలో ఒక్కరును ఉండరాదు. 2,000 మందికి పైగా నున్న ఊరు ఊరంతయు హెలికాప్టర్లలో పొరుగున గల నగయొక పట్టణమునకు తరలిపోయెను.

చేపలు మిగిలిపోయెను. అది కుంటలు దింపు నెల. కుంటల గట్లు పగిలి నీరు పోయినచోట చేపలు బురదలో చచ్చెను. విద్యుత్తు ఆగి గాలిపంపులు నిలిచినచోట తొట్లలో ఊపిరాడక చచ్చెను. తరతరముల తల్లిచేపలు పోయినచో డబ్బు వెచ్చించి తిరిగి కొనుట సాధ్యము కాదు. ఆ రక్తము మఱెక్కడను ఉండదు. మనుష్యులు క్షేమముగా చేరిన పిమ్మట రైతులు తిరిగివచ్చి, మిగిలిన తల్లిచేపలను తొట్లలో నింపి హెలికాప్టర్లకు కట్టి కొండ దింపిరి. పొరుగూళ్ల పెంపకందారులు వానికి తమ కుంటలలో చోటిచ్చిరి. 2005 ఏప్రిలులో యమకోషి గ్రామము నగయొకలో విలీనమై, ప్రత్యేక గ్రామముగా నుండుట ముగిసెను. ఐనను తాత్కాలిక గృహములలో వాడ వాడను ఒకచోటనే ఉంచుటచేత ఇరుగు పొరుగు చెదరలేదు. నివాస నిషేధము 2007లో పూర్తిగా తొలగెను. ఎక్కువమంది తిరిగి వెళ్లిరి. గట్లు మరల కట్టిరి. 2017లో ఆ మంచు కొండల వరిసాగును, చేపల పెంపకమును కలిపి జపాను ప్రభుత్వము జాతీయ వ్యవసాయ వారసత్వముగా గుర్తించెను. ఆ సంవత్సరమే నీగత మండలము కోయిని తన అలంకార మత్స్యముగా ప్రకటించెను.

మన చెరువులలో

బంగారు తీగ మన దేశమునకు రెండు పర్యాయములు వచ్చినది. 1939లో అద్దపు పొలుసుల రకమును సింహళమునుండి నీలగిరులకు తెచ్చిరి. 1957లో బాంకాకు రకము కటకమునకు వచ్చెను. మన వెచ్చని చెరువులలో పెరుగునది ఎక్కువగా ఈ రెండవదాని సంతతియే. అదే సంవత్సరము జూలై 10వ తేదీన ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదురి పీయూషగ్రంథి రసమునిచ్చి మన దేశవాళీ చేపలచేత కుంటలో గ్రుడ్లు పెట్టించెను. శీలావతి, బొచ్చెలు నిలువనీట తమంత తాము గ్రుడ్లు పెట్టవు. బంగారు తీగ పెట్టును. అదియే దాని సౌకర్యము, అదియే చిక్కును. మన వేడిమికి అది ఏడాది తిరుగకుండ ఈతకు వచ్చి, ఏట రెండు మాఱులు గ్రుడ్లు పెట్టగలదు. కోయియు అంతే. హాపాలో గుఱ్ఱపుడెక్క వేళ్లను, నాచును వేసి జోడును విడిచినచో గ్రుడ్లకు కొదువ లేదు. కొదువయైనది ఏఱివేయు కన్ను, ఏఱివేసినవానికి బేరము.

కనుక కౌలు అడుగ వచ్చిన యువకుని సభ్యులు మొదట అడుగవలసిన ప్రశ్న, “ఏఱివేసిన చేపలను ఏమి చేయుదువు?” అని. నూటికి తొంబది పైగా అట్టివే యగును. చిన్న గాజుతొట్లకు చవుక ధరకు పోవునన్ని పోగా, తక్కినవానిని కూరచేపగా పెంచి అమ్ముదునన్నచో అది నడచు వ్యాపారము. లెక్క ఆ ధరపైననే కట్టవలెను. తన్చో, కనోకోల ధరపై లెక్కకట్టి అప్పుకు వచ్చినవానిని ఆపవలెను. వానిని ఆ ఏటి దైవికమైన రాబడిగా ఎంచుకొనుట మంచిది.

రెండవ సంగతి రోగము. కోయి హెర్పిస్ అను వైరస్ జ్వరము 1998లో ఇజ్రాయెలు, అమెరికా దేశములలో మొదట బయటపడెను. 2003లో జపానులోని కసుమిగౌర సరస్సున పంజరములలో పెంచు కూరతీగలు వెయ్యి టన్నులకు పైగా దీనివలన చచ్చెను. మొప్పలు తెల్లబాఱి కుళ్లును, కన్నులు గుంటపడును, పది చేపలలో ఎనిమిది తొమ్మిది పోవును. మందు లేదు. బ్రతికి బయటపడిన చేప పైకి ఆరోగ్యముగా నుండి రోగమును మోయుచుండును. మనుష్యులకు ఇది సోకదు. బొచ్చె, శీలావతులకును భయము లేదు. బంగారు తీగకు మాత్రము మృత్యువే. నీటి వేడిమి 16 మొదలు 28 డిగ్రీల నడుమ నున్నప్పుడు రోగము పైకొనును. మన వేసవిలో అణగియుండి చలికాలమున తలయెత్తగలదన్నమాట. కావున క్రొత్త కోయిలను నేరుగా కుంటలో విడువక, విడి తొట్టిలో నెలదినములు ఉంచవలెను. చలినెలలలో ఆ తొట్టిలో కొన్ని బంగారు తీగ పిల్లలను కూడ కలిపి ఉంచినచో, దాగిన రోగము వానిపై బయటపడును. ఆ తొట్టి వలను, బకెట్టును వేఱొక కుంటలో ముంచరాదు. ఆ నీటిని కాలువలోనికి వదలరాదు.

మూడవది చెరువు. ఊరి పెద్ద చెరువులో కోయిని విడుచుటకు ఒప్పుకొనరాదు. ఈ చేప అడుగు బురదను ముట్టెతో కెలకి నీటిని మురికిచేయును, నీటిమొక్కలను పెల్లగించును. త్రాగునీటి చెరువులో ఇది సహింపరాని పని. ఒకసారి అందు గ్రుడ్లు పెట్టినచో తీసివేయుట సాధ్యము కాదు. కౌలుకిచ్చు కుంట విడిగా, చెరువునకు దిగువన, గట్టు బలిసినదై ఉండవలెను. వానకాలమున పొర్లి చెరువులో కలియు కుంట పనికిరాదు. కౌలు పత్రములోనే వ్రాయవలసిన షరతు ఒకటి కలదు: తూమునకును అలుగునకును సన్నని కన్నుల జల్లెడ కౌలుదారే బిగింపవలెను, ఆ జల్లెడను తొలకరికి ముందొకసారి, పెద్దవానల నడుమ ఒకసారి పంచాయతీ సభ్యుడు స్వయముగా పోయి చూడవలెను. చినిగిన జల్లెడగుండ పోయిన పిల్లలు కాలువ పొడవునను తిరుగును.